బండల షాపులో స్పానిష్ పరీక్ష

నేను స్పానిష్ కోర్సు పూర్తి చేసింది స్పెయిన్‌లో కాదు, తాండూరులో ఒక బండల షాపులో. చెబితే నవ్వుతారు గాని నిజం.

నేను నర్సును. స్పెయిన్‌లో ఓ చిన్న ఊళ్ళో, వృద్ధాశ్రమంలో పనికి కుదిరి రెండేళ్ళయింది. పేరుకే నర్సు. భాష కోర్సు చివరిదాకా పాసయితే తప్ప సూది ముట్టుకోనివ్వరు. అప్పటిదాకా దుప్పట్లు మార్చడం, భోజనాల ట్రేలు మోయడం. రాత పరీక్షలన్నీ గట్టెక్కాను. మాట్లాడే పరీక్షే రెండుసార్లు తప్పాను. మూడోసారీ తప్పితే ఉద్యోగం ఉండదని మేనేజరమ్మ నవ్వుతూనే చెప్పింది. ఆ మూడోసారి సరిగ్గా నేను నెల సెలవు మీద ఇంటికి వచ్చినప్పుడే పడింది. వీడియోలో ఇవ్వొచ్చట. నేనున్న చోటు చూపిస్తూ పది నిమిషాలు మాట్లాడాలట.

పరీక్ష అనగానే నాకు తెలిసిన విద్య ఒక్కటే, బట్టీ. వికారాబాద్ పక్కనున్న అనంతగిరి గుట్టల్ని ఎంచుకున్నాను. అడవి, పద్మనాభస్వామి గుడి, మూసీ పుట్టిన చోటు, అన్నీ కలిపి నలభై వాక్యాలు రాసుకున్నాను. పరీక్షకు ముందురోజు చోటు చూసుకుందామని రైలెక్కి, వికారాబాద్ దాకా పెదాలు కదుపుతూ వల్లించాను. ఎదురుగా కూర్చున్న పెద్దాయన "ఏం స్తోత్రం బిడ్డా గది?" అని అడిగాడు. స్పానిష్ అంటే ఇంకో గంట వివరించాలని తలూపి ఊరుకున్నాను. ఆయన భక్తిగా దండం పెట్టుకున్నాడు.

గుట్ట మీద అన్నీ బాగున్నాయి, సిగ్నల్ తప్ప. ఫోను పైకెత్తి గంటసేపు తిరిగితే కోతులు నా వెంట పడ్డాయి గాని సిగ్నల్ రాలేదు. బిక్కమొహం వేసుకుని తాండూరు తిరిగొచ్చాను.

మా ఇంటినిండా చుట్టాలు. మాట్లాడాలంటే మిగిలింది పక్కనే ఉన్న ఖాలా బండల షాపు. మా ఊరి నాపరాళ్ళను కోయించి, పాలిష్ పట్టించి అమ్ముతుందామె. ఖాలా అంటే వాళ్ళ ఉర్దూలో పిన్ని; చిన్నప్పుడు సగం భోజనాలు ఆమె ఇంట్లోనే చేశాను. సంగతి చెప్పగానే పనివాళ్ళ మీద కేకేసింది: "జర మిషిన్ బంద్ చెయ్యుండ్రి! బిడ్డకు ఇమ్తిహాన్ ఉన్నది." నావైపు తిరిగి "ఫికర్ నక్కో. నేను పక్కనే ఉంట" అంది. అదే నా ఫికర్.

మర్నాడు మధ్యాహ్నం ఫోన్లో కళ్ళద్దాల టీచరమ్మ ప్రత్యక్షమైంది. నేను బట్టీ పట్టింది మొదలుపెట్టాను. చోటు మారింది, మాటలు కూడా మార్చాలన్న ఆలోచనే రాలేదు. వెనక బండల దొంతరలు, నా నోట దట్టమైన అడవులు. ఏడో వాక్యం దగ్గర ఆమె చెయ్యెత్తింది.

"అడవి ఎక్కడండీ? నాకు రాళ్ళే కనిపిస్తున్నాయి."

ఉద్యోగం పోయినట్టే అనుకున్నాను. ఆమె ఫోనుకు దగ్గరగా వంగి, "మీ వెనక ఆ పెద్దావిడ ఎవరు? నన్నేమైనా అడగమనండి. మీరు అనువాదం చెయ్యండి" అంది.

ఖాలా కొంగు సర్దుకుని ముందుకొచ్చింది. బండలు కావాలా అని అడుగుతుందనుకున్నాను.

"అడుగు బిడ్డా. మా పిల్లకు ఆడ జెరమొస్తే పక్కన ఎవరు కూసుంటరు?"

స్పానిష్‌లో అడిగాను. ఒక్క తప్పు లేకుండా అడిగాను. "ఆ జవాబు మీకే తెలియాలి, చెప్పండి" అంది టీచరమ్మ.

పోయిన చలికాలం స్పెయిన్‌లో నాలుగు రోజులు జ్వరంతో పడుకున్నాను. మూడో రోజు పక్కింటావిడ బెల్లు కొట్టింది. తలుపు కొంచెమే తెరిచి, తప్పు పోకుండా నాకు వచ్చిన ఒక్క ముక్క, "బాగున్నాను, థాంక్స్" అనేసి మూసేశాను. అదంతా చెప్పాను. ఎవరూ కూర్చోలేదు, కూర్చోమనడానికి నాకు మాటలు రాలేదు, తప్పు మాట్లాడితే నవ్వుతారని సిగ్గు అని చెప్పాను. బట్టీ పట్టనిది జీవితంలో మొదటిసారి ఆ భాషలో మాట్లాడాను, ఏడుస్తూ. తప్పులు బోలెడు పోయాయి. టీచరమ్మ కళ్ళద్దాలు తీసి తుడుచుకుంది.

"ఏమన్నవ్? ఎందుకేడుస్తున్నవ్?" ఖాలా నా భుజం కుదిపింది.

"పక్కింటామె కూసుంటదని చెప్పిన ఖాలా. మస్తు మంచిది."

పాసయ్యాను. ఖాలా పనివాళ్ళందరికీ చాయ్ తెప్పించింది. నేను తిరుగు ప్రయాణమయ్యే రోజు రెండు కిలోల కందిపప్పు మూట కట్టి చేతిలో పెట్టింది. "నీ కాడ కూసున్న ఆమెకియ్యి. నా దిక్కుకెళ్ళి సలాం చెప్పు."

స్పెయిన్ చేరాక ఆ మూటను ఇంట్లో పెట్టుకుని వారం రోజులు చూశాను. వండుకోబుద్ధి కాలేదు. చివరికి వెళ్ళి పక్కింటి బెల్లు కొట్టాను. పప్పెందుకో చెప్పాలంటే జ్వరం సంగతి చెప్పాలి, ఖాలాతో ఆడిన అబద్ధమూ చెప్పాలి. గుమ్మంలో నిలబడే, తడుముకుంటూ అంతా చెప్పాను.

ఆమె మూట అందుకుంది. తర్వాత మెల్లగా అంది: "ఆ రోజు నీకోసం సూప్ కాచి తెచ్చాను. నువ్వు తలుపు వేసేశాక, గిన్నె పట్టుకుని అక్కడే కాసేపు నిలబడ్డాను."