సదాశివ గుర్తుపట్టలేకపోయిన చేప

అబిడ్స్ పెద్ద పోస్టాఫీసులో ముప్ఫై మూడేళ్లు ఉత్తరాలు వేరుచేసిన సదాశివను చేపలు పెంచేవాళ్లు ‘సక్కర్ల సదాశివ’ అంటారు. తొట్టె అద్దానికి నోరు ఆనించి పాచి గీరుకు తినే ప్లెకో చేపకు దుకాణాల్లో ఉన్న పేరు సక్కర్. వాటిలో వందల రకాలున్నాయనీ, బొటనవేలంత ఉన్నప్పుడు చాలావరకు ఒకేలా కనిపిస్తాయనీ కొనేవాళ్లకు తెలియదు. ఫోనులో ఫొటో పంపితే అది ఏ రకమో, ఎంత పెరుగుతుందో సదాశివ చెబుతాడు. ఈమధ్య మాత్రం, వీపు మీది రెక్క విప్పినప్పుడు ఇంకో ఫొటో తీసి పంపమని అడిగిగానీ చెప్పడం లేదు. ఆ జాగ్రత్త ఆయనకు పోయినేడే వచ్చింది.

పోస్టాఫీసులో ఆయన పక్క సీటు జగన్మోహనరావుది. రావు తండ్రి యాభై ఆరులో తెనాలి నుంచి గుమాస్తా ఉద్యోగానికి హైదరాబాదు వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. ఆదివారాలు ఇద్దరూ అబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు తిరగేసేవాళ్లు. అట్టలేని ఒక విదేశీ చేపల పత్రిక సదాశివకు దొరికింది అక్కడే. అందులోని బొమ్మలు చూసి చూసి, సక్కర్ అంటే ఒక్క చేప కాదని ఆయన తెలుసుకున్నాడు. ఆ సంగతి టీ తాగేటప్పుడల్లా రావుకు చెప్పేవాడు. రావు విసుక్కోకుండా వినేవాడు.

రెండు వేల ఆరులో రావు కూతురు మృదుల చేప కావాలని పేచీ పెట్టింది. ఆ పిల్లకు అప్పుడు ఏడేళ్లు. ముగ్గురూ కలిసి నాంపల్లిలో దుర్గయ్య రంగుచేపల దుకాణానికి వెళ్లారు. పాలిథిన్ కవరులో ఒక పిల్ల ప్లెకోను చూసి, అది బ్రిసిల్‌నోస్ అనే రకమనీ, పెద్దయ్యాక మూతి మీద మీసాల్లాంటివి మొలుస్తాయనీ, ఐదంగుళాలు దాటదనీ సదాశివ ధీమాగా చెప్పాడు. వచ్చేదారిలో మొజంజాహీ మార్కెట్‌లో సీతాఫలం ఐస్‌క్రీం తిన్నారు. మృదుల ఒక చేత్తో కప్పు, ఇంకో చేత్తో కవరు పట్టుకుని, ఎవరు చూసినా ‘దీనికి మీసాలొస్తాయి’ అని చెప్పింది.

ఆరునెలలకే రావుకు ఖమ్మం బదిలీ అయింది. కొన్నాళ్లు ఉత్తరాలు రాశాడు. ప్రతి ఉత్తరం చివరా ‘చేప కులాసా’ అని ఉండేది. తరువాత ఫోన్లు, ఆ తరువాత పండక్కి ఒక మెసేజీ. చేప ఎంత పెరిగిందని సదాశివ అడగలేదు. ఐదంగుళాలని ఆయనకు తెలుసు కదా.

పోయినేడు మృదుల ఫోన్ చేసింది. వాళ్లు హైదరాబాదుకు తిరిగొచ్చి నాంపల్లిలో ఉంటున్నారట. నాన్నకు మోకాలి ఆపరేషన్ అయిందనీ, ఒక సాయం అడగడానికి మొహమాటపడుతున్నాడనీ చెప్పింది. సదాశివ ఆ సాయంత్రమే వెళ్లాడు.

హాల్లో ఒక గోడంతా తొట్టె. అందులో నానిన మొద్దు మీద మూరెడు చేప బోర్లా పడుకుని ఉంది.

“గిది ఎప్పుడు తెచ్చిన్రు?” అన్నాడు సదాశివ.

“మనం ముగ్గురం కలిసి తెచ్చిందేనయ్యా,” అన్నాడు రావు.

సదాశివ అద్దం దగ్గరికి వంగాడు. చేప కదిలి వీపు మీది రెక్క విప్పింది. తెరచాపలాంటి రెక్క. అందులోని పుల్లలు లెక్కపెట్టాడు. పన్నెండు. బ్రిసిల్‌నోస్‌కు ఎనిమిదే ఉంటాయి. ఆనాడు కవరులో అది రెక్క ముడుచుకుని ఉంది. విప్పేదాకా ఆగి చూడాలని తనకు తట్టలేదు.

“నాకెందుకు చెప్పలే, రావు సాబ్?”

“ఆ రోజు నువ్వెంత సంబరంగా చెప్పావో నాకు గుర్తుంది. అది పాడుచెయ్యడం ఎందుకని ఊరుకున్నా. అది పెరిగింది, మేం తొట్టెలు మార్చుకుంటూ పోయాం.”

మిగతాది మృదుల చెప్పింది. బదిలీల మీద ఏ ఊళ్లో అద్దెకు దిగినా నాన్న ముందు హాలు గోడ పొడవు కొలిచేవాడట. రైల్లో మూత బకెట్ పక్కనే కూర్చుని ప్రయాణం చేసేవాడట. చెరువులో వదిలెయ్యమని చాలామంది చెప్పారట. బయటి దేశం చేపను మన నీళ్లలో వదిలితే ఇక్కడి చేపలకు తిండి ఉండదని సదాశివ ఎప్పుడో అన్నాడని, నాన్న ఒప్పుకోలేదట.

సదాశివ తొట్టె దగ్గర నుంచి రావు వైపు తిరిగాడు. దుకాణంలో, టీ దగ్గర తాను చెప్పినవాటిలో తప్పునూ ఒప్పునూ కూడా ఈ మనిషి పద్దెనిమిదేళ్లు మోశాడు.

ఇప్పుడు నీళ్లు మార్చే ఓపిక రావుకు లేదు. చేపను ఉస్మాన్‌గంజ్‌లో తన ఇంటికి తీసుకుపోతానని సదాశివే అన్నాడు. వలతో పట్టుకుంటే రెక్కల ముళ్లు చిక్కుకుంటాయి కాబట్టి, తడి తువ్వాలుతో ఎత్తి మూత డ్రమ్ములో దింపారు. ట్రాలీ ఆటోలో మృదుల డ్రమ్ము పట్టుకుని కూర్చుంది.

సదాశివ ఇంటి నడవాలోని సిమెంటు తొట్టెలో అది మూడు రోజులు మొద్దు కింద నుంచి కదల్లేదు. నాలుగో రోజు చేతికర్ర పట్టుకుని రావు వచ్చి, కీరదోస ముక్క నీళ్లలోకి వదిలాడు. చేప మెల్లగా వచ్చి దాన్ని పట్టుకుంది.

“ఇంతకీ ఇది మగదా, ఆడదా?” అన్నాడు రావు.

సదాశివ చాలాసేపు చూశాడు.

“నాకు తెల్వదు, రావు సాబ్,” అని, స్నేహితుడు కూర్చోవడానికి కుర్చీ దగ్గరికి జరిపాడు.