బోడి కర్ర

పసిఫిక్ సముద్రంలోని మలకులా దీవిలో మాసింగ్ పేరు వింటేనే అతని పెదనాన్న కొడుకు రోవోకి ఒళ్లు మండేది. చేపలు తగ్గిపోతున్నాయని ఊరిపెద్ద పగడపు దిబ్బ మీద వేట మాన్పించి, నిషేధానికి గుర్తుగా నమెలే ఆకు కట్టే పని మాసింగ్‌కి అప్పగించాడు. నీళ్లలో పాతిన కర్రకు ఆ ఆకు ఉన్నంతకాలం అక్కడ ఎవరూ వల వేయరు. చేపలు మళ్లీ పెరిగాయి. ఆడవాళ్లు దుంపలు తురిమి లాప్‌లాప్ వండితే మొదటి ముక్క మాసింగ్‌కే.

"వాడేమైనా గుడ్లు పెట్టాడా? పెట్టింది చేపలు" అనేవాడు రోవో.

ఒక తెల్లవారుజామున వెళ్లి ఆకు పీకి అలల్లోకి విసిరేశాడు. మాసింగ్‌కి చెడ్డపేరు వస్తే చాలనుకున్నాడు. కానీ ఒడ్డు చేరకముందే పక్క ఊరి పడవలు వచ్చాయి. కర్ర బోడిగా కనిపించేసరికి వాళ్లు వలలు విప్పారు. కాళ్ల చుట్టూ తిరుగుతున్న చిలకచేపల పిల్లలను రోవో అప్పుడే సరిగ్గా చూశాడు. తన పిల్లలు పెద్దయ్యాక తినవలసిన చేపలవి. మోకాటి నీళ్లలో వెనక్కి పరుగెత్తి కర్ర పట్టుకుని నిలబడ్డాడు.

"ఆకేదయ్యా?" అన్నారు పడవల్లోవాళ్లు.

"నేనే ఆకుని. వెనక్కి తిరగండి."

"ఎండిపోయిన ఆకులానే ఉన్నావులే" అని నవ్వుతూ వాళ్లు పడవలు తిప్పారు.

అరుపులు విని మాసింగ్ కొత్త ఆకుతో వచ్చాడు. "గాలికి ఊడినట్టుంది. నువ్వుండబట్టి సరిపోయింది అన్నా. ఇంద, నువ్వే కట్టు."

రోవో ఆకు అందుకుని గట్టిగా ముడి వేశాడు. రేపు ఊరంతా ఆ ముడి మాసింగ్ వేసిందే అనుకుంటుందని తట్టగానే, అతనికి మళ్లీ ఒళ్లు మండింది. అయినా ఇంకో ముడి వేశాడు.