ఎర్రనూనెకు పెట్టిన బొట్లు

మొన్న మనవడి కారు బాగుచేస్తున్న షెడ్డులో గేరుపెట్టెలో పోసే ఎర్రనూనె వాసన తగలగానే, చిన్నప్పటి జ్ఞాపకంలో చింతామణిలోని మా నాయన షెడ్డులోకి వెళ్లిపోయాను.

అక్కడికి ఒకసారి ఒక వ్యాపారి పాత అమెరికా కారు వచ్చింది. గేర్లు తానే మార్చుకునే బండి. ఆయుధపూజ సాయంత్రానికి కావాలన్నాడు. నాయన కిందికి దూరి, గేరుపెట్టె అడుగు పళ్లెం ఆకారం చూసి, బోల్టులు లెక్కపెట్టి అది ఏ రకమో కనిపెట్టాడు. పెట్టె విప్పి, లోపలి గుండ్రటి క్లచ్ బిళ్లలన్నీ కడిగి, తెల్ల పంచె మీద వరసగా పరిచి, అన్నానికి వెళ్లాడు.

నెత్తురులా కారిన ఎర్రనూనె చూసి, బండికి దెబ్బ తగిలిందనుకున్నాను. పండగ రేపే కదా అని, ఒక్కో బిళ్లకీ పసుపు రాసి కుంకుమ పెట్టాను.

నాయన తిరిగొచ్చి బిళ్లలు చూశాడు.

"అన్నిటికీ పెట్టినావా పాపా?"

"ఒకటీ ఇడ్సలేదు నాయనా."

ఆయన కిరోసిన్ డబ్బా దగ్గరికి లాక్కుని, పొద్దుగూకేదాకా బిళ్లలు కడుగుతూ కూర్చున్నాడు.

మరునాటి సాయంత్రం ఆ కారు చప్పుడు లేకుండా, నీళ్లమీద తేలినట్టు కదిలింది.

"నీ పూజకే కదిలిందమ్మా," అన్నాడు నాయన. ఎన్నో ఏళ్లు నమ్మాను.

మొన్న మనవడి కారు బాగుచేస్తున్న మెకానిక్ అలాంటి బిళ్లలే తుడుస్తూ అన్నాడు: "దీంట్లోకి చిటికెడు దుమ్ము పోయినా బండి కదల్దు అవ్వా."

కిరోసిన్‌లో నాని తెల్లగా ముడతలు పడిన నాయన వేళ్లు, అప్పుడు కనిపించాయి నాకు.