మస్తాన్‌బీ తెచ్చిన ఇగ్వానా

2023 వేసవి. తెనాలిలో మా క్లినిక్‌కు ఆ రోజుల్లో వచ్చినవి చాలావరకు వడదెబ్బ కేసులే. నేను పశువైద్యురాలిని. సర్వీసులో ఉన్నన్నాళ్లూ రేపల్లె చుట్టుపక్కల ఊళ్లలో గేదెలకు చూలు పరీక్షలు చేస్తూ బురదలో తిరిగాను. రిటైరయ్యాక తెనాలిలో రెండు గదులు అద్దెకు తీసుకుని కుక్కల్నీ పిల్లుల్నీ చూడటం మొదలుపెట్టాను. గేదెల డాక్టరమ్మ అన్న పేరు మాత్రం నన్ను వదల్లేదు. బొచ్చుకుక్కల్ని చంకనేసుకుని వచ్చేవాళ్లు నా చేతులవైపు కాస్త అనుమానంగానే చూసేవారు.

ఒకరోజు ఉదయం మా కాంపౌండరు వెంకటేశ్వర్లు లోపలికొచ్చి, "మేడం, ఒకావిడ ఉడుమును తెచ్చిందండి," అన్నాడు. నాకు ఒళ్లు మండింది. ఉడుమును పట్టుకోవడమే నేరం, పెంచుకోవడం ఇంకా నేరం. ఎవరైనా తెస్తే అటవీ శాఖకు కబురు చెప్పాలి. నాలుగు చీవాట్లు పెట్టి పంపిద్దామని బయటికొచ్చాను.

బెంచీ మీద నలభై అయిదేళ్ల మనిషి కూర్చుని ఉంది. ఒళ్లో కూరగాయల ప్లాస్టిక్ బుట్ట, దాని మీద తడి తువ్వాలు. తువ్వాలు తొలగించి చూస్తే ఉడుము కాదు, ఇగ్వానా. ఆకులు తిని బతికే విదేశీ బల్లి. ఒళ్లు జానెడుంటుంది, తోక దానికి రెండింతలు. చిలకపచ్చగా ఉండాల్సింది బూడిద రంగుకు తిరిగి, కళ్లు లోపలికి పోయి, బుట్టలో ఓ మూల పడి ఉంది.

"సూర్యలంక నుంచొచ్చానమ్మా. మా రిసార్టులోది. రాజా అంటాం. నాలుగు రోజుల నుంచి ఏం తినట్లా," అంది. ఆమె పేరు మస్తాన్‌బీ. ఆ రిసార్టులో గదులు శుభ్రం చేసే పని. బాపట్లలో రైలెక్కి, బుట్ట ఒళ్లో పెట్టుకుని వచ్చింది.

"రైల్లో ఎవరూ ఏమీ అనలేదా?"

"ఏమంటారమ్మా, తువ్వాలు కదలంగానే పక్కనోళ్లు లేచిపోయారు. కాళ్లు జాపుకుని కూర్చున్నా," అని నవ్వింది.

బల్లిని బల్ల మీద పెట్టి చూశాను. వీపు మీద చర్మాన్ని రెండు వేళ్లతో పట్టి లేపితే వెంటనే సర్దుకోవాలి. లేపిన మడత లేచినట్టే నిలబడింది. దీన్ని స్కిన్ టెంటింగ్ అంటాం. ఒంట్లో నీరు ఎంత తగ్గిందో అంచనా వేయడానికి ఇంతకంటే చవకైన పరీక్ష లేదు. నోరు తెరిస్తే ఉమ్మి జిగురులా తీగలు సాగుతోంది. ఇంకో రెండు రోజులు ఆలస్యమైతే పోయేదే.

మా రోగులు నోరు విప్పి చెప్పుకోలేవు. అందుకని హిస్టరీ, అంటే వెంట వచ్చినవాళ్లు చెప్పే పూర్వాపరాలు, మాకు సగం వైద్యం. కేస్ షీట్ ముందు పెట్టుకుని ఒక్కొక్కటే అడిగాను.

"దీన్ని ఎక్కడ ఉంచుతారు?"

"ఆఫీసు గదిలో అద్దాల పెట్టెలోనమ్మా. వచ్చినోళ్లు ఫొటోలు దిగుతారని. సరిగ్గా ఏసీ కింద పెట్టారు."

"ఏసీ కిందా?"

"మా ఓనరుగారు దయగల మనిషమ్మా. మనకే ఇంత ఉక్కగా ఉంటే నోరులేనిదానికి ఎట్టా ఉంటదని, ఎండలు ముదిరినకాడ నుంచి ఏసీ ఆపొద్దన్నారు."

తల పట్టుకున్నాను. ఇగ్వానాకు సొంత వేడి ఉండదు, బయటి వేడితోనే దాని ఒళ్లు నడుస్తుంది. చల్లబడితే కడుపు పనిచేయదు, ఆకలి చస్తుంది. పైగా ఏసీ గాలి పొడి గాలి, ఒంట్లో నీటిని లాగేస్తుంది. సముద్రం పక్కన, చెమటలు కారే ఊళ్లో, ఆ ఒక్క పెట్టెలో మాత్రం దాన్ని ఎండబెట్టారు. దయతోనే ఆ పని చేశారు.

"నీళ్లు పెట్టలేదా?"

"గిన్నె నిండా పెడతామమ్మా. ముట్టదు. కానీ..." మస్తాన్‌బీ బల్ల మీది రాజావైపు చూసింది. "నేను అద్దం తుడిచేటప్పుడు లోపలేపు నీటిబొట్లు కారతయ్యి. ఓసారి వాటిని నాకింది. అప్పట్నుంచి రోజూ గుడ్డ పిండకుండా తుడుస్తున్నా."

నేను రాయడం ఆపి ఆమెవైపు చూశాను. ఈ జాతి బల్లి అడవిలో ఆకుల మీది బొట్లు నాకి దాహం తీర్చుకుంటుంది. గిన్నెలో నిలిచిన నీటిని చాలాసార్లు నీరుగా గుర్తుపట్టదు. ఆ సంగతి నేను పుస్తకంలో చదివి తెలుసుకున్నాను. ఆమె తడిగుడ్డతో కనిపెట్టింది. అంతవరకు దాన్ని బతికించినవి ఆ నాలుగు బొట్లే.

ఇంత జరుగుతుంటే అక్కడ పెద్దవాళ్లెవరూ లేరా అని అడిగాను. ఓనరుగారు వైజాగులో పెళ్లికి వెళ్లారట. మేనేజరుకు రెండుసార్లు చెప్పిందట. "బల్లికి ఆస్పత్రేంటి, నీ పని నువ్వు చూసుకో అన్నారమ్మా. మూడోసారి పోతే, తీసకపో, ఏమన్నా అయితే నీదే పూచీ అన్నారు."

చెప్పింది చెప్పినట్టు రాసుకున్నాను. చివర చెప్పినవారి పేరు దగ్గరికి వచ్చేసరికి ఆమె కాస్త ముందుకు వంగింది. "నా పేరెందుకులేమ్మా. రిసార్టు పేరు రాసుకోండి, చాలు."

"చెప్పినవాళ్ల పేరు లేకుండా హిస్టరీ ఏంటి? మంచి పని చేసి దాక్కుంటావేం?" అని నవ్వి రాసేశాను. ఆమె కూడా నవ్వింది.

ఇగ్వానాలకు వైద్యం చేయడంలో నేను గొప్పదాన్నేమీ కాదు. హైదరాబాదులో ఇలాంటి జంతువుల్ని చూసే నా క్లాస్‌మేట్‌కు ఫోన్ చేసి, అడుగడుగునా అడుగుతూ చేశాను. ముందు వేడి. చల్లబడ్డ బల్లికి తొందరపడి సెలైన్ ఎక్కించినా ఒంటికి పట్టదు. మందుల గదిలో పాత చేపల తొట్టి కడిగి, పైన బల్బు వేలాడదీసి, థర్మామీటరు పెట్టి, నెమ్మదిగా వేడెక్కించాం. తరవాత గోరువెచ్చని నీళ్లలో మోచేతుల దాకా మునిగేటట్టు కూర్చోబెట్టాం. ఆ తరవాత ఫ్లూయిడ్ థెరపీ, అంటే వెచ్చజేసిన సెలైన్ కొంచెం కొంచెంగా చర్మం కిందికి ఇవ్వడం. తిండి మాత్రం వెంటనే పెట్టలేదు. పేగుల్లో నీరు లేనప్పుడు కుక్కి తినిపిస్తే మేలు కన్నా కీడే ఎక్కువ. తోక పట్టుకోవద్దని వెంకటేశ్వర్లుకు గట్టిగా చెప్పాను, భయపడితే ఇది తోక ఊడగొట్టుకుని పోతుంది. అతను తోకే కాదు, అసలు బల్లినే ముట్టుకోలేదు.

ముట్టుకున్నది మస్తాన్‌బీ. వారపు సెలవు రోజు పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఉంది. మిగతా రోజుల్లో వీలు కుదిరినప్పుడు తెల్లవారగానే రైలెక్కి వచ్చి, పనివేళకు తిరిగి వెళ్లేది. దూది తడిపి దాని ముక్కు మీద బొట్టు బొట్టుగా పిండుతూ, "తాగు నాన్నా, తాగు," అని బతిమాలేది. మూడు రోజులు ఆ బొట్లు ముక్కు మీంచి జారి కింద పడ్డాయి. నేను మనసులో ఆశ వదులుకున్నాను. ఆమెతో ఆ మాట అనలేదు.

నాలుగో రోజు నాలుక బయటికొచ్చింది. ఆరో రోజు తెల్లగా, మెత్తగా రెట్ట వేసింది. బల్లి మూత్రం రెట్టతోనే తెల్లగా వస్తుంది, మూత్రపిండాలు పనిచేస్తున్నాయనడానికి అదే గుర్తు. బల్లి రెట్ట చూసి ముగ్గురు పెద్దవాళ్లు చప్పట్లు కొట్టడం బయట కూర్చున్న కుక్కలవాళ్లకు వింతగా ఉండి ఉంటుంది. ఎనిమిదో రోజు మస్తాన్‌బీ తన పెరట్లోంచి మునగాకు, ఎర్రమందారాలు తెచ్చింది. రాజా పువ్వు రేకను కొరికి లాక్కుంది. ఆమె కొంగుతో కళ్లు తుడుచుకుంది. నాకూ కళ్లు చెమర్చాయి. గేదెల డాక్టరునని ఎవరైనా వెక్కిరిస్తే ఇక పట్టించుకోనవసరం లేదనిపించింది కూడా. ఆ గర్వం గురించి ఎందుకు చెబుతున్నానంటే, తరవాత నేను చేసిన పనిలో దానికీ వాటా ఉంది.

పదకొండో రోజు ఓనరు మోహనరావుగారు స్వయంగా వచ్చారు. మెత్తగా మాట్లాడే మనిషి. ఏసీ సంగతి చెబితే నొచ్చుకున్నారు. "అయ్యో, మంచే చేస్తున్నామనుకున్నామండి," అన్నారు. బల్బు ఎక్కడ పెట్టాలో, పొద్దునా సాయంత్రం ఆకుల మీద నీళ్లు ఎలా చల్లాలో శ్రద్ధగా ఫోన్‌లో రాసుకున్నారు. ఇలాంటి యజమాని దొరకడమే అదృష్టం అనుకున్నాను.

ఉత్సాహం పట్టలేక మస్తాన్‌బీని ఆకాశానికెత్తాను. ఆమె లేకపోతే ఇది బతికేది కాదన్నాను. తరవాత డిశ్చార్జి సమ్మరీ ఇచ్చాను. అంటే రోగి వెళ్లేటప్పుడు జబ్బు, చికిత్స, జాగ్రత్తలు రాసి యజమాని చేతికిచ్చే కాగితం. అందులో కేస్ షీట్‌లోని హిస్టరీ మొత్తం ఎక్కించాను. తినడం లేదని మేనేజరుకు రెండుసార్లు చెప్పినా పట్టించుకోలేదు, చెప్పినవారు మస్తాన్‌బీ, అని. కింద నా సంతకం, ముద్ర. సర్కారు కొలువులో పడిన అలవాటు, కాగితం నిండుగా ఉండాలి. అది సగం నిజం. మిగతా సగం ఏమిటంటే, ఆ మేనేజరుకు గడ్డి పెట్టించాలని నాకు కోపంగా ఉంది. నేనే ఫోన్ చేసి నాలుగు మాటలు అనొచ్చు. అనకుండా, మస్తాన్‌బీ నోటితో అనిపించాను.

మోహనరావుగారు కాగితం రెండుసార్లు చదివి, మడిచి, జేబులో పెట్టుకున్నారు. "మంచి మనిషండి మస్తాన్‌బీ," అన్నారు. నేను సంతోషించాను.

నెల తరవాత ఆయన ఫొటో పంపించారు. అద్దాల పెట్టెలో కొమ్మ, పైన బల్బు, కొమ్మ మీద చిలకపచ్చగా రాజా. ఆ ఆనందంలో వెంటనే ఫోన్ చేసి, మస్తాన్‌బీ ఎలా ఉందని అడిగాను.

"ఆవిడ మానేసిందండి."

"మానేసిందా, మాన్పించారా?"

"మేనేజరు మా బావమరిదండి. మీరు రాసిన కాగితం మా ఆవిడ చూసింది. తమ్ముణ్ని డాక్టరు ముందు అట్టా చెప్పిందని ఇంట్లో పెద్ద గొడవైపోయింది. లోపలి మాట బయట చెప్పే మనిషిని ఎట్టా పెట్టుకుంటామండి?"

"ఆమె చెప్పింది నిజమే కదండీ!"

"నిజం కాదని నేననలేదు మేడం." గొంతులో కోపమేమీ లేదు. "రాజా మాత్రం మీ దయవల్ల బ్రహ్మాండంగా ఉన్నాడండి. ఓసారి వచ్చి చూసిపోండి."

ఎంత వాదించినా ఆయన గొంతు పెంచలేదు, మాట మార్చలేదు. ఫోన్ పెట్టేశాక నామీద నాకే అసహ్యం వేసింది. ఒక బల్లి దాహాన్ని చర్మం పట్టి చూసి చెప్పగలిగిన నేను, పేరు వద్దంటూ ముందుకు వంగిన మనిషి భయాన్ని మొహం మీదే చూసి కూడా పోల్చుకోలేదు. పోల్చుకోకపోవడమా, నవ్వాను కూడా.

మస్తాన్‌బీ ఫోన్ ఎత్తలేదు. ఈపురుపాలెంలో చెల్లెలి ఇంట్లో ఉంటోందని వెంకటేశ్వర్లు వాకబు చేసి చెప్పాడు. వెళ్లాను. మగ్గానికి కండెలు చుడుతోంది. పని ఆపి, కుర్చీ వేసి, చెల్లెలికి టీ పెట్టమని కేకేసింది.

"అది తింటందా అమ్మా?" అన్నది మొదటి మాట.

ఫొటో చూపించాను. ఫోన్ దగ్గరికి తీసుకుని చాలాసేపు చూసింది. "పచ్చబడ్డాడు," అంది. "తోక మొదలు కూడా నిండింది చూడండి."

నావల్లే ఆమె పని పోయిందని, తప్పు నాదని చెప్పాను. బాపట్లలో తెలిసినవాళ్లున్నారు, వేరేచోట పని చూపిస్తానన్నాను.

"వద్దులేమ్మా. మీరు చెప్తే ఇదంతా మళ్లీ చెప్తారు. అది విన్నోళ్లు నన్ను పెట్టుకోరు."

మాటలో ఎత్తిపొడుపు లేదు. అదే నాకు ఎక్కువ తగిలింది. టీ తాగి లేవబోతుంటే, కండె చేతిలో పట్టుకుని, "ఒకటి అడగనా అమ్మా? నా పేరు రాయకపోతే దానికి నయమయ్యేది కాదా?" అంది.

"అయ్యేది," అన్నాను.

ఆమె తలూపి మళ్లీ పనిలో పడింది.

ఇప్పుడు నా క్లినిక్‌లో హిస్టరీ మొత్తం వింటాను, పేరుతో సహా నా షీట్‌లో రాసుకుంటాను. యజమాని చేతికిచ్చే కాగితంలో మాత్రం జబ్బు, మందు, జాగ్రత్తలు, అంతే. పనిమనుషులు, కాపలావాళ్లు తెచ్చిన జంతువుల విషయంలో, ఇదంతా మీకెవరు చెప్పారని యజమానులు అడుగుతూనే ఉంటారు. జంతువును చూస్తే తెలిసింది అంటాను. అబద్ధమే. సర్వీసు పొడుగునా ఎవరూ నేర్పని ఈ అబద్ధాన్ని, మస్తాన్‌బీ పని పోయాక నేర్చుకున్నాను.