కాలేజీ గేటు ముందు తంగేడు

మొన్న మా మేనకోడలు ఫోన్లో ఒక బొమ్మ పంపింది. హనుమకొండలో తోటలకూ ఆవరణలకూ నమూనాలు గీసే పని తనది. భూపాలపల్లిలో ఒక కాలేజీ గేటు ముందరి జాగాకు గీసిందట, ఎట్లుందో చెప్పు అత్తా అని అడిగింది. పచ్చగడ్డి, నున్నటి రాళ్ళ బాట, మధ్యలో ఫౌంటెన్, అంచున 'పూలు కోయరాదు' అని ఒక బోర్డు. బాగానే ఉంది గానీ, ఆ బోర్డు చూడగానే నాకు నవ్వాగలేదు. మహబూబాబాద్‌లో కొత్తగా బోటనీ చెప్పే రోజుల్లో నేను చేసిన నిర్వాకం గుర్తొచ్చింది.

అప్పుడు నాది తాత్కాలిక ఉద్యోగం, జనగామ నుంచి రోజూ రైల్లో వచ్చిపోయేదాన్ని. కాలేజీకి డిగ్రీలో బోటనీ కోర్సు మంజూరైతేనే ఆ ఉద్యోగం నిలుస్తుంది, అది తనిఖీకి వచ్చేవాళ్ళ చేతిలో ఉంది. వాళ్ళకు గేటు దగ్గరే మన కాలేజీ నచ్చాలని ప్రిన్సిపాల్ సారు తోట పని నా నెత్తిన పెట్టారు. గ్రాఫు కాగితం మీద స్కేలు పెట్టి గీసి మరీ నేను నాటించిన క్రోటన్లు మొదటి ఎండాకాలానికే మాడిపోయాయి. కొత్తగూడ నుంచి వచ్చిన మా తోటమాలి, ఈ నేలకు నీళ్ళడగని చెట్లే మేలని, బాటకు రెండు పక్కలా తంగేడు, దాని ముందు గునుగు విత్తనాలు చల్లుదామని అన్నాడు. చేనుగట్ల మీద పెరిగేవి కాలేజీ ముందు పెడితే నవ్విపోతారేమోనని జంకాను గానీ, వేరే దారి లేక ఒప్పుకున్నాను. రెండో ఏడు వానలు తగ్గాక చూడాలి, వెనక పసుపు పూలు, ముందు తెల్లని, గులాబీ రంగు గునుగు కంకులు. నాకైతే కాళ్ళు నేలమీద ఆనలేదు.

తనిఖీ బతుకమ్మ పండుగ మొదటి రోజున, ఎంగిలిపూల నాడు పడింది. చెట్ల గురించి చదివినదాన్ని, తంగేడు, గునుగు పూలతోనే బతుకమ్మను పేర్చి ఆడి పెరిగినదాన్ని, ఆ రెంటినీ కలిపి ఆలోచించాలని మాత్రం నాకు తట్టలేదు. ఆ పొద్దున కొత్త చీర కట్టుకుని వచ్చేసరికి గేటు దగ్గర ఒక్క పువ్వు లేదు, ఉత్త కొమ్మలు మిగిలాయి. చుట్టుపక్కల ఆడవాళ్ళూ, మా హాస్టల్ పిల్లలూ కలిసి ఒడినిండా కోసుకుపోయారట. ఎందుకు ఆపలేదని మాలి మీద మండిపడ్డాను.

"ఎట్ల వద్దంట మేడం? బతుకమ్మకు పూలు గదా. మా ఇంటామె గూడ కోసుకపోయింది" అన్నాడు.

ల్యాబులోకి పోయి ఏడ్చాను. ఇక జనగామలో ట్యూషన్లు చెప్పుకోవడమే అనుకున్నాను.

హాస్టల్ పిల్లలు సాయంత్రం రైళ్ళకు ఊళ్ళకు పోతారు కనుక, మధ్యాహ్నమే గేటు లోపల బతుకమ్మలు పెట్టి ఆడటం మొదలుపెట్టారు. తనిఖీ వాళ్ళ జీపు సరిగ్గా అప్పుడే వచ్చి ఆగింది. వాళ్ళలో పెద్దావిడ ఆ ఉత్త కొమ్మలు చూసి, మీరు వేసిన తోట ఇదేనా అని నన్నే అడిగింది.

"పూలన్నీ అక్కడున్నయి మేడం" అని బతుకమ్మల వైపు చూపించాను.

ఆమె ఫైలు ప్రిన్సిపాల్ సారు చేతిలో పెట్టి, చెప్పులు విడిచి, పిల్లల వరసలో కలిసి చప్పట్లు కొట్టింది. పట్నం పోయినప్పటి నుంచి ఆడనే లేదట. కోర్సు వచ్చింది, నేను అక్కడే రిటైరయ్యాను కూడా.

ఇప్పుడు తంగేడు కట్టలు బజార్లో కొనుక్కుంటున్నాం. నా తోట ఉన్నచోట టైల్స్ వేశారు. మేనకోడలికి ఫోన్ చేసి, ఫౌంటెన్ ఉంటే ఉండనీ గానీ ఆ బోర్డు తీసేసి తంగేడు పెట్టమన్నాను. పండుగనాడు గేటు బోసిపోతుంది కదా అత్తా అంది. బోసిపోతేనే ఆ తోట ఊరిదైనట్టు బిడ్డా అన్నాను.