ఏసోబు మాటకు ముందు నేను అతికించిన మౌనం

ఎనిమిదేళ్లుగా ఏడు సెకన్ల బరువు మోస్తున్నాను. ఇంట్లో చెప్పలేదు. స్నేహితులకు చెప్పలేదు. మీరు నన్ను ఎరగరు కాబట్టి మీకు చెబుతున్నాను. జాలిపడకండి. నా మీద నాకే ఒళ్లు మండిపోతోంది.

తెనాలిలో పెళ్లి వీడియోలు ఎడిట్ చేసేవాణ్ణి. రేపల్లె మిత్రుడొకడు షార్ట్ ఫిల్మ్ తీసి, ఎడిటింగ్‌కి నాకిచ్చాడు. అది నిజంగా జరిగిన ప్రమాదం మీద తీసింది: పెనుమూడి దగ్గర కృష్ణలో పడవ తిరగబడి, నది మధ్య లంక పొలాలకు కూలికి వెళుతున్న ఒకామె చనిపోయింది. పడవ నడిపిన ఏసోబు తాగి ఉన్నాడని ఊళ్లో పుకారు. ఫిల్మంతా ఆయనతో మాటలే. "ఆ రోజు తాగావా?" అని మావాడు అడిగాడు. ప్రశ్న పూర్తవుతూనే ఏసోబు "లేదండి" అన్నాడు.

అలాగే వదిలేయాల్సింది. కానీ నాకు చప్పగా అనిపించింది. ఫిల్ముకు ప్రాణంలాంటి ప్రశ్న ఇంత గబుక్కున అయిపోతే చూసేవాళ్లను ఏం పట్టుకుంటుంది? అక్కడ పరుగు ఆపాలి, ఊపిరి బిగబట్టించాలి. అదీ నా తెలివి. మైకు సరిచేస్తున్నప్పుడు ఏసోబు తల వంచుకుని ఊరికే కూర్చున్న ముక్క ఒకటి ఉంది. అందులోంచి ఏడు సెకన్లు కోసి, ప్రశ్నకూ జవాబుకూ మధ్య పెట్టాను. మావాడు చూసి భుజం తట్టాడు. ఆ మనిషి అబద్ధం వెతుక్కుంటున్నట్టు కనబడుతున్నాడని నాకు తెలియదా? తెలుసు. తెలిసే బాగుందనుకున్నాను.

బాపట్లలో ప్రదర్శిస్తే ఆ మౌనానికే చప్పట్లు. ఏసోబు ఇస్త్రీ చొక్కా వేసుకుని, భార్యను తీసుకుని వచ్చాడు. అయ్యాక నా దగ్గరికొచ్చాడు.

"బాబూ, నేను అడగ్గానే చెప్పాను కదండీ. అంతసేపు ఆలోచించినట్టు పడిందేంటండి?"

"కెమెరాలో అలాగే ఉంది బాబాయ్."

"అలాగా అండి. అయితే నేనే మర్చిపోయుంటాను."

ఆ మాట గుర్తొస్తే నా చెంప నేనే పగలగొట్టుకోవాలనిపిస్తుంది. ఆయన నన్ను అనుమానించలేదు, తనను తానే అనుమానించుకున్నాడు!

తర్వాత ఫిల్ము ఫోన్లలో తిరిగింది. కూలి ఆడవాళ్లు ఆయన పడవ ఎక్కడం మానేశారు. చనిపోయినామె కొడుకు రేవులో అందరి ముందూ ఆయన కాలర్ పట్టుకున్నాడు. ఏసోబు పడవ అమ్మేశాడు. నాకేమో మంచి ఎడిటర్నని పేరొచ్చింది, పనులొచ్చాయి. చప్పట్లు కొట్టినవాళ్ల మీద కోపం. మావాడి మీద కోపం. తప్పంతా వాడి మీదికి నెట్టేద్దామని ఎన్నిసార్లు చూశానో! కానీ ఆ ముక్క కోసిన చెయ్యి ఎవరిది?

పోయినేడు ఏసోబు చనిపోయాడు. తాను తడబడ్డానని నమ్మే పోయాడేమో. ఆయన భార్య ఉంది. ఆయన వెంటనే జవాబిచ్చిన అసలు ముక్క నా దగ్గర భద్రంగా ఉన్నా, ఆమెకు ఇంకా చూపించలేదు. రేపల్లె బస్టాండు దాకా రెండుసార్లు వెళ్లి వెనక్కి వచ్చేశాను. పిరికి వెధవని.

ఆయన ఆ రోజు తాగాడో లేదో నాకు తెలియదు. నేను పడవలో లేను. అడగ్గానే "లేదండి" అన్నాడు, ఒక్క క్షణం కూడా ఆగలేదు. అది మాత్రం నాకు తెలుసు. ఇప్పుడు మీకూ తెలుసు. కోపం తగ్గలేదు గానీ, ఊపిరి కాస్త ఆడుతోంది.