తలుపులో పట్టని కోళ్ల గూడు

ఆ రోజుల్లో నాకొక జబ్బు ఉండేది. పిల్లలు తప్పు రాస్తుంటే చూస్తూ ఊరుకోలేకపోయేవాణ్ణి. గుంటూరులో కొన్నేళ్లు లెక్కల ట్యూషన్లు చెప్పినవాణ్ణి కదా, వాళ్ల వేళ్ల మధ్య నుంచి పెన్సిల్ లాక్కుని జవాబు నేనే రాసేసేవాణ్ణి. తల్లిదండ్రులు దాన్ని శ్రద్ధ అనుకునేవారు (నేనూ అలాగే అనుకునేవాణ్ణి). ఆ శ్రద్ధతోనే న్యూజిలాండ్ వచ్చి, లోవర్ హట్ అనే ఊళ్లో ఒక చిన్న బడిలో టీచరుగా చేరాను. అక్కడ పిల్లలు పాఠాలు వినడం తక్కువ. ఏదో ఒకటి తయారుచేస్తూ నేర్చుకోవాలి. నాకు పని నేర్పమని ఒక సీనియర్ టీచరుకు అప్పగించారు. ఆవిడ మొదటిరోజే పెద్ద కప్పు నిండా వేడి టీ తెచ్చి ఇచ్చి, "రెండు చేతులతో పట్టుకో. పిల్లలు పని చేస్తున్నంతసేపూ కింద పెట్టకు," అన్నారు. మర్యాద చేస్తున్నారనుకుని థాంక్స్ చెప్పాను. నా చేతులు కట్టేశారని సాయంత్రానికి గానీ తెలియలేదు. ఇంట్లో చెబితే మా ఆవిడ నవ్వి, "పిల్లలు తప్పులు చేస్తుంటే టీ తాగుతూ చూడ్డానికి జీతమా? ఆ ఉద్యోగమేదో నాకూ ఇప్పించండి," అంది. అప్పటినుంచి మా ఇంట్లో ఆ టీచరు పేరు టీ ఆంటీ.

ఆ టర్మ్‌లో మా తరగతి పిల్లలు బడి తోట కోసం కోళ్ల గూడు కట్టడానికి పూనుకున్నారు. దగ్గర్లోని ఒక రైతు శుక్రవారం కోళ్లు తెస్తానన్నాడు. గూడు సిద్ధంగా లేకపోతే వేరేవాళ్లకు ఇచ్చేస్తానని కూడా అన్నాడు. బయట గాలికి (ఈ ఊరి గాలి సంగతి ఇక్కడివాళ్లకు చెప్పక్కర్లేదు) చెక్కలు నిలవడం లేదని పనిని తరగతి గదిలోకి మార్చారు. చట్రం లేచిన రోజే నాకు కనిపించింది: గూడు మా తరగతి గది తలుపుకన్నా వెడల్పు. చేతిలో టీ కప్పుతోనే టీ ఆంటీ దగ్గరికి పరుగెత్తాను.

"అది బయటికి రాదు!"

"రాదు," అన్నారు ఆవిడ.

"వాళ్లకు చెప్పొద్దా?"

"నీకెవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పలేదు. చూస్తే తెలిసింది."

"వాళ్లకూ కళ్లున్నాయి. టీ తాగు."

ఆ వారమంతా నేను తాగింది చల్లారిన టీయే. పిల్లలు గూటికి పసుపు రంగు వేశారు, చిన్న కిటికీ పెట్టారు, ఇంకా రాని కోళ్లకు పేర్లు కూడా పెట్టారు. నేను తలుపు పక్కన నిలబడి గట్టిగా దగ్గేవాణ్ణి (దగ్గడం సాయం కిందికి రాదని నా లెక్క). రంగు వేస్తున్న పాప జాలిపడి మంచినీళ్ల సీసా తెచ్చి ఇచ్చింది.

గురువారం మధ్యాహ్నం అందరూ కలిసి గూడు ఎత్తారు. తలుపు దగ్గర ఆగిపోయింది. తిప్పారు, పడుకోబెట్టారు, తోశారు. ఆ పాప నేల మీద కూర్చుని ఏడ్చింది. "సర్, మీకు ముందే తెలుసా?" అని అడిగింది.

"తెలుసు."

"మరి చెప్పలేదేం?"

టీ ఆంటీ ఏమైనా అంటారేమోనని చూశాను. ఆవిడ తన కప్పులోకి చూసుకుంటున్నారు. పిల్లలు కాసేపు నా మీదా, ఇంకాసేపు ఒకళ్ల మీద ఒకళ్లూ అరిచారు. తర్వాత ఆ పాపే ముక్కు తుడుచుకుని రంపం అడిగింది. గూడును నిలువునా రెండుగా కోసి, ముక్కలు బయటికి మోసి, తలుపులకు వేసే బందులతో మళ్లీ కలిపారు. వంకరగానే వచ్చింది. సందులోంచి ఒక కోడి రోజూ తప్పించుకుని మా తరగతి దాకా నడిచొచ్చేది. కానీ శుభ్రం చేసేటప్పుడు ఆ గూడు పుస్తకంలా తెరుచుకునేది. తలుపు కొలత నేను ముందే చెప్పి ఉంటే అలాంటి గూడు ఉండేది కాదు.

ఈ చలికాలంలో టీ ఆంటీ పోయారు. అంత్యక్రియల తర్వాత హాల్లో టీ ఇచ్చారు. బల్ల మీద ఆవిడ ఫొటో నిలబెట్టాలని ఆవిడ చిన్న మనవరాలు తంటాలు పడుతోంది. నిలబెట్టినప్పుడల్లా ముందుకు పడిపోతోంది. "ఎవరైనా కాస్త ఆ పిల్లకు సాయం చేయండి," అన్నాడొక బంధువు. ఆవిడ దగ్గర పని నేర్చుకున్నవాళ్లం గోడ వారగా నిలబడి ఉన్నాం. అందరం రెండు చేతులతో కప్పులు పట్టుకునే ఉన్నాం. ఒక్కరమూ కదల్లేదు. చివరికి ఆ పిల్ల ఫ్రేము కింద ఒక కేకుముక్క నొక్కింది. ఫొటో కొంచెం వంకరగా నిలబడింది. నాలోని పాత గుంటూరు మాస్టారైతే ఎప్పుడో వెళ్లి లాక్కునేవాడు. ఆయన్ని తలుచుకుని చిన్నగా నవ్వుకుని, కప్పు నోటి దగ్గర పెట్టుకున్నాను. టీ చల్లారిపోయింది.